తూలోన్ నాలుగు రోజులు, లోరియాన్ ఒక రోజు: నాన్నగారితో ఫ్రెంచి నేవీ రేవులు

పోయిన మే నెలలో అమ్మానాన్నల్ని తీసుకుని ఫ్రాన్స్ వెళ్ళొచ్చాం. నాన్నగారు విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌లో ముప్పై ఏళ్ళు ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి, ఆయనకి ఈఫిల్ టవర్ కంటే దక్షిణ ఫ్రాన్స్‌లోని తూలోన్ రేవు చూడాలనే కోరిక ఎప్పట్నుంచో ఉంది. 1942 నవంబర్ 27 తెల్లవారుజామున ఫ్రెంచి నేవీ తన ఓడల్ని తనే ముంచేసుకున్న చోటు అది.

ప్యారిస్ నుంచి టీజీవీ అనే వేగం రైల్లో నాలుగు గంటలు పట్టింది. స్టేషన్ దగ్గరే హోటల్ బుక్ చేశాను, రూమ్ శుభ్రంగానే ఉంది కానీ లిఫ్ట్ ఉందని రాసి అక్కడికెళ్తే లేదు, అమ్మ మోకాళ్ళతో మూడో అంతస్తు ఎక్కడం నాకు చాలా బాధనిపించింది. రెండు రాత్రులయ్యాక రేవు దగ్గర కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్‌కి మారిపోయాం, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు మొదట్నుంచీ అదే తీసుకోండి. పొద్దున్నే కూర్ లాఫాయెత్ సంతలో వంకాయలు, టమాటాలు దొరుకుతాయి, అక్కడ కాద్ అని వేడివేడిగా అమ్ముతారు, సెనగపిండి అట్టే, అమ్మకి ఆ ఊళ్ళో నచ్చిన మొదటి వస్తువు అది.

ఇప్పుడు అసలు సంగతి. బేస్ లోపలికి మనల్ని రానివ్వరు, షార్ల్ ద గోల్ విమానవాహక నౌక ఉండేది అక్కడే మరి. అందుకని కే క్రోన్‌స్టాట్ అనే రేవు ఒడ్డు నుంచి బయల్దేరే టూర్ బోటు ఎక్కాలి, గంట సేపు యుద్ధనౌకల పక్కనుంచే తిప్పుతారు. మా బోటులో చెప్పేదంతా ఫ్రెంచిలోనే, కాబట్టి ముందే చదువుకుని వెళ్ళండి, లేకపోతే బూడిద రంగు ఓడలు చూసి వచ్చేస్తారు అంతే. నేను చదివింది నాన్నగారికి చెప్తూ కూచున్నాను. 1940లో ఫ్రాన్స్ లొంగిపోయాక ఈ ఓడలు జర్మన్ల చేతికి పోతాయని బ్రిటిష్‌వాళ్ళకి భయం, జులై 3న అల్జీరియాలో మెర్స్ ఎల్ కెబీర్ దగ్గర నిన్నటిదాకా తోడున్న ఫ్రెంచి నేవీ మీదే కాల్పులు జరిపారు, 1,297 మంది నావికులు పోయారు. అక్కడ్నుంచి తప్పించుకుని తూలోన్ చేరిన ఓడ స్ట్రాస్‌బూర్. రెండేళ్ళ తర్వాత మిత్రదళాలు ఉత్తరాఫ్రికాలో దిగితే, జర్మన్లు నవంబర్ 11న దక్షిణ ఫ్రాన్స్‌లోకి కూడా వచ్చేసి, 27న ట్యాంకులతో రేవులోకి చొరబడ్డారు. అడ్మిరల్ ద లాబోర్ద్ అదే స్ట్రాస్‌బూర్ మీద నుంచి ఆర్డరిచ్చాడు, ఫిరంగులకి మందు పెట్టి పేల్చి, వాల్వులు తెరిచి నీళ్ళు వదిలేశారు. మొత్తం 77 దాకా ఓడలు, అందులో మూడు బ్యాటిల్‌షిప్పులు, ఏడు క్రూయిజర్లు.

నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ వాల్వు తిప్పిన కుర్రాడు నిన్నటిదాకా దానికి గ్రీజు పెట్టినవాడే కదరా" అన్నారు. నాకు ఆ యాత్ర మొత్తంలో గుర్తుండిపోయిన మాట అదే.

ఇంకో సంగతి, ఐదు సబ్‌మెరీన్లు మాత్రం ఆ పొద్దున ఆర్డర్ కాదని బయటికి వెళ్ళిపోయాయి, వాటిలో కాసబియాంకా కమాండర్ లెర్మినియే చేతుల్లో అల్జీర్స్ చేరి, 1943 సెప్టెంబర్‌లో 109 మంది కమాండోల్ని కోర్సికా ద్వీపంలో దించింది. దాని స్మారకం ఆ ద్వీపంలోనే బాస్తియాలో ఉంది, తూలోన్ నుంచి రాత్రి ఫెర్రీ కూడా ఉంది గానీ మాకు రోజులు చాల్లేదు.

నేవీ మ్యూజియం 1738 నాటి ఆర్సెనల్ (నేవీ డాక్‌యార్డ్) గుమ్మంలోంచే వెళ్ళాలి, పాత ఓడల మోడళ్ళు అద్భుతం, కానీ 1942 కోసమే వెళ్తే బోటే ముఖ్యం. ఫారోన్ కొండకి కేబుల్ కార్ మొదటిరోజు గాలి ఎక్కువని ఆపేశారు, మర్నాడు ఎక్కాం, అందుకే దాన్ని చివరి రోజుకి పెట్టుకోవద్దు. పైన 1944 ఆగస్టులో మిత్రదళాలు దక్షిణ ఫ్రాన్స్‌లో దిగిన లాండింగ్ మెమోరియల్ ఉంది, 1964లో అప్పటి అధ్యక్షుడు ద గోల్ ప్రారంభించింది, అక్కడ్నుంచి రేవంతా ఒకేసారి కనిపిస్తుంది, ఓడలు ఎంత ఇరుగ్గా కట్టి ఉండుంటాయో అప్పుడే అర్థమైంది. రేవు అవతలికి బోటు-బస్సు కూడా ఉంది, సాయంత్రం పూట అమ్మ దాన్ని రెండుసార్లు ఎక్కింది.

లోరియాన్ సంగతి వేరు. ఫ్రాన్స్‌లోనే పడమటి వైపు బ్రిటనీ ప్రాంతంలో ఉంది, ప్యారిస్ మీదుగా వెళ్ళాం, పొడుగు ప్రయాణం. కెరోమాన్ బంకర్లు జర్మన్లు 1941 నుంచి వాళ్ళ యూబోట్ల (సబ్‌మెరీన్ల) కోసం కట్టినవి, వాటిలో కే3 అనేదాని పైకప్పు మందం 7 మీటర్ల పైనే, 1943 మొదట్లో బాంబులకి ఊరు నేలమట్టమైంది, బంకర్లు మాత్రం అలాగే ఉన్నాయి. యుద్ధం తర్వాత 1997 దాకా ఫ్రెంచి నేవీయే అక్కడ సబ్‌మెరీన్లు పెట్టుకుంది. అక్కడ ఫ్లోర్ అనే సబ్‌మెరీన్ లోపలికి వెళ్ళొచ్చు, ఆడియో గైడ్ బావుంది, స్టాఫ్ ఓపిగ్గా ఉన్నారు, నాన్నగారు మన ఆర్కే బీచ్ కుర్సురాతో పోల్చుకుంటూ ఒక్కో పైపు దగ్గరా ఆగారు.

ఒక్కటే చూడగలిగితే, పిల్లలుంటే లోరియాన్ వెళ్ళండి, లోపలికి వెళ్ళి ముట్టుకుని చూడొచ్చు. కథ తెలిసి వెళ్ళేవాళ్ళకి మాత్రం తూలోనే, బోటు పొద్దున మొదటిది ఎక్కండి, కుడివైపు సీట్లకి కాస్త ముందే చేరండి.