రోజుకు 1550 కేలరీలు: రెండేళ్ల వాడకం తర్వాత

మిక్సీల మీదా స్కూటర్ల మీదా సమీక్షలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రెండేళ్లకు పైగా విడవకుండా వాడింది ఒక అంకె: బరువు తగ్గడానికి రోజుకు 1550 కేలరీల తిండి. అంతకు ముందు కొన్ని నెలలు 1200 వాడాను. ఇప్పుడు 1700 దగ్గర ఉన్నాను. ఈ మూడింటిలో ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు, ఎందుకు అన్నదే చెప్పబోతున్నాను.

మాది హిందూపురం. బెంగళూరులో మారతహళ్లి వైపు ఉంటాం. ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన, అత్తయ్య, కాలేజీకి వెళ్లే అబ్బాయి. ఆఫీసులో రోజంతా కుర్చీలో కూర్చుని, సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇంకో గంట కూర్చునే ఉద్యోగం నాది. మొదలుపెట్టినప్పుడు నా వయసు 44, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ఈ మూడూ అడగకుండా ఎవరైనా మీకు కేలరీల అంకె చెబితే వినకండి.

ముందు 1200 సంగతి. ఫోనులో వేసుకున్న యాప్ నాకు ఇచ్చిన అంకె అది. ఆఫీసులో నాకంటే జానెడు పొడవున్న అమ్మాయికీ అదే వచ్చింది, రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దావిడకూ అదే వచ్చింది. ముగ్గురికీ ఒకే సైజు చెప్పులు ఇచ్చినట్టుంది. ఎందుకలా వస్తుందో కాగితం మీద లెక్క వేస్తే తెలిసింది. ఇలాంటి యాప్‌లలో ఎక్కువగా వాడేది 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం. బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసును 5తో గుణించి తీసేయాలి. ఆడవాళ్లయితే ఇంకో 161 తీసేయాలి, మగవాళ్లయితే 5 కలపాలి. నాకు 1346 వచ్చింది. రోజంతా కదలకుండా పడుకున్నా శరీరం ఖర్చుపెట్టే శక్తి అంత. కుర్చీ ఉద్యోగమైతే దాన్ని 1.2తో, కొంచెం నడక, ఇంటిపని ఉంటే 1.375తో గుణిస్తారు. మొదటిది 1616, రెండోది 1851.

ఇక తగ్గడం. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీలు తక్కువ పడాలన్నది అందరూ వాడే మోటు లెక్క. 'వారానికి కిలో' అని నొక్కితే రోజుకు 1100 కోత. 1616లో అది పోతే 516 మిగులుతుంది. అంత తక్కువ ఏ యాప్ చూపించదు. 'అరకిలో' అని నొక్కినా 1066. వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఆడవాళ్లు 1200, మగవాళ్లు 1500 కంటే కిందికి దిగకూడదని మామూలుగా పెట్టుకునే హద్దు ఒకటి ఉంది. కాబట్టి యాప్ అక్కడికి వచ్చి ఆగిపోతుంది. పొట్టిగా ఉండి, కూర్చుని పనిచేసే ఆడవాళ్లలో చాలామందికి కనిపించే 1200 ఎవరి శరీరాన్నీ కొలిచి తెచ్చింది కాదు, లెక్క పడిపోకుండా కట్టిన గోడ.

వాడకంలో అది ఎలా ఉంది? మొదటి రెండు వారాలు అద్భుతం. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థమూ దానితో పాటు ఉండే నీరూ పోతాయి, కాటా ముల్లు దిగుతుంది, మనం పొంగిపోతాం. తర్వాత సాయంత్రం ఆరయ్యేసరికి ఇంట్లో నాతో మాట్లాడటానికి ఎవరూ సాహసించేవారు కాదు. రాత్రి పడుకునే ముందు వంటల వీడియోలు చూడటం అలవాటైంది. ఇది నా ఒక్కదాని బలహీనత కాదని తర్వాత తెలిసింది. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు రోజుకు సుమారు 1570 కేలరీలే పెట్టి పరిశీలించాడు. వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది, కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారు. వాళ్లు ఎదిగిన మగవాళ్లు, పైగా బాగా నడిపించేవారు, కాబట్టి ఆ అంకెను ఇక్కడికి తెచ్చుకోకూడదు. వంటల పుస్తకాల సంగతి మాత్రం నాకు బాగా అర్థమైంది.

అసలు దెబ్బ వారాంతంలో. సోమవారం నుంచి శుక్రవారం దాకా 1200. శని, ఆదివారాల్లో ఆకలి తన బాకీ వసూలు చేసుకునేది. రోజుకు 2600 దాకా వెళ్లేది. వారం మొత్తం కలిపి ఏడుతో భాగిస్తే 1600. అంటే అయిదు రోజులు మాడి, రెండు రోజులు పశ్చాత్తాపపడి సాధించింది అంతే. ఏ బాధా లేకుండా రోజూ 1550 తింటే దానికంటే తక్కువే అవుతుంది! రెండు మూడు నెలలకు జుట్టు కూడా రాలడం మొదలైంది. 1200కు నా మార్కులు అయిదుకు ఒకటి, అదీ మొదటి రెండు వారాల కోసం.

1550 ఎలా వచ్చిందంటే, 1851లోంచి ఒక మూడు వందలు తీశాను. అంతే. నెలకు కిలో పైచిలుకు తగ్గితే చాలనుకున్నాను. 1.375 సరైనదా, 1.2 సరైనదా అన్నది ఎవరూ ముందుగా చెప్పలేరు. అందుకే రెండు నెలలు తిన్నదంతా రాసి, బరువు చూసి, వెనక్కి లెక్క వేశాను. నెలకు సగటున 1.2 కిలోలు తగ్గాను. దాన్ని 7700తో గుణించి ముప్ఫైతో భాగిస్తే రోజుకు 308 కోత. అంటే నా నిజమైన ఖర్చు 1850 చుట్టుపక్కలే. సూత్రం నా విషయంలో సరిగ్గా చెప్పింది. మా ఆయన విషయంలో రెండు వందలు ఎక్కువ చెప్పింది, ఆయన మాత్రం సూత్రమే కరెక్టని ఇప్పటికీ వాదిస్తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మనం రాసే లెక్క ఎప్పుడూ కొంత తప్పే. 1992లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధనలో, తక్కువ తింటున్నా తగ్గడం లేదని చెప్పినవాళ్లు నిజంగా తిన్నదాంట్లో సగటున 47 శాతం తక్కువగా చెప్పినట్టు తేలింది. అబద్ధమాడారని కాదు, నూనె, చెట్నీ, పిల్లల కంచంలో మిగిలిన ముక్క ఎవరికీ గుర్తుండవు. నేను 1550 అని రాసుకున్నది నిజానికి 1650 కావచ్చు. రోజూ ఒకే తీరుగా తప్పు రాస్తే చాలు, వెనక్కి వేసిన లెక్కలో ఆ తప్పూ కలిసిపోతుంది. ఒక రోజు కాటా మీద తూచి, మరో రోజు కంటితో అంచనా వేస్తేనే చిక్కు.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది నూనె. చెంచా చెంచా తూచడం మన వంటింట్లో జరిగే పని కాదు. తాలింపు వేసే చేతికి ఎవరు అడ్డం పడతారు? అందుకని నెల లెక్క పట్టుకున్నాను. మా నలుగురికీ నెలకు అయిదు లీటర్ల క్యాను అయ్యేది. లీటరు నూనె 910 గ్రాములు, గ్రాముకు 9 కేలరీలు. మనిషికి లీటరుంబావు అంటే రోజుకు 340 కేలరీలు! నా మొత్తం కోత కంటే అది ఎక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే రెండువేల కేలరీల పళ్లెంలో కొవ్వులకు కేటాయించింది 27 గ్రాములు. మాకు నూనె ఒక్కటే 38 అయ్యేది, నెయ్యి అదనం. అత్తయ్యతో మాట్లాడి క్యాను మానేసి నెలకు మూడు లీటరు ప్యాకెట్లకు దిగాం. "నూనె తగ్గిస్తే వంకాయ వేగదమ్మా, ఉడుకుతుంది" అన్నారు ఆవిడ. ఆ మాట నిజమే. గుత్తి వంకాయ ఆదివారానికి పరిమితమైంది, మిగతా వేపుళ్లు మూతపెట్టి మగ్గించే కూరలయ్యాయి. మనిషికి రోజుకు 135 కేలరీలు ఎవరూ గమనించకుండానే పోయాయి, అందులో నా మాట పట్టించుకోని అబ్బాయివి కూడా.

అన్నం దగ్గర అందరూ పడే గొయ్యి పచ్చి బరువు, వండిన బరువు. సోనా మసూరి బియ్యం 100 గ్రాములు దాదాపు 350 కేలరీలు. అదే వండిన అన్నమైతే 100 గ్రాములు 130 లోపు. యాప్‌లో 'అన్నం 150 గ్రాములు' అని వేసి, కాటా మీద బియ్యం తూచితే లెక్క రెండింతలు దాటి తప్పుతుంది. 'ఒక కప్పు' అన్నది ఎవరి కప్పో దేవుడికే తెలియాలి. నేను ఖాళీ కుక్కర్ బరువు ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. పప్పు ఉడికాక మొత్తం తూచి, కుక్కర్ బరువు తీసేసి, నా గరిటెడు ఎంతో చూసుకుంటాను. మొదట్లో అత్తయ్య "తూచి తినడానికి మనమేమన్నా రేషన్ షాపులో ఉన్నామా?" అనేవారు. ఇప్పుడు ఉగాదికి బొబ్బట్ల పూర్ణం ఉండలు సమానంగా రావాలని ఆ కాటానే అడుగుతారు.

రాగి గురించి ఒక మాట. మా సీమ వాళ్లకూ ఇక్కడి కన్నడిగులకూ రాగి ముద్ద మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. రాగి పిండి 100 గ్రాములు 320 కేలరీలు, బియ్యానికి పెద్ద తేడా లేదు. తేడా వచ్చేది కడుపు నిండటంలో. ఒక ముద్ద తింటే మధ్యాహ్నం నాలుగు దాకా నాకు ఆకలి గుర్తురాదు. అందుకని వారంలో సగం రోజులు సంకటే. దాంతో పాటు గుడ్డు, పెసలు, పెరుగు, మీల్ మేకర్ కలిపి మాంసకృత్తులు డెబ్బై గ్రాములు దాటేలా చూసుకున్నాక జుట్టు రాలడం కూడా తగ్గింది. దీనికి అంకె కారణమో తిండి కారణమో విడదీసి చెప్పలేను.

బయటి తిండి విషయంలో బెంగళూరు శత్రువూ స్నేహితుడూ కూడా. దర్శినిలో, అంటే ఇక్కడి నిలబడి తినే చిన్న హోటల్లో, ఫిల్టర్ కాఫీ, పాలూ రెండు చెంచాల చక్కెరా కలిపి వంద కేలరీల దాకా ఉంటుంది. కానీ ఈ ఊళ్లో 'బై టూ' అంటే ఒక కాఫీని రెండు కప్పుల్లో పోసి ఇస్తారు, ఎవరూ పిసినారి అనుకోరు. నా సాయంత్రం కాఫీ అలాగే సగమైంది. వెన్న దోసె సంగతి వేరు. పెనం మీద ఎంత వెన్న పడిందో వేసినవాడికీ తెలియదు. యాప్‌లో ఒకే మసాలా దోసెకు వందల తేడాతో అరడజను లెక్కలు ఉంటాయి; నేను ఎప్పుడూ అన్నిటికంటే పెద్దదే ఎంచుకుంటాను. పది, అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్లు మెనూలో కేలరీలు చూపాలన్న నిబంధన 2022లో అమల్లోకి వచ్చింది, మా వీధి చివర దర్శినికి అది వర్తించదు. ఇక ఆంధ్రా మెస్సు. కందిపొడి, నెయ్యి, ముద్దపప్పు, అడిగినంత అన్నం. అక్కడ లెక్క రాయడం మానేశాను. నెలకు రెండుసార్లు వెళతాను, ఆ రోజు 2200 అని వేసి వదిలేస్తాను.

కాటాను నమ్మే పద్ధతి ఉంది. ఆవకాయ తిన్న మర్నాడు ముప్పావు కిలో పెరిగితే అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. నెలసరి ముందు వారం కిలో దాకా పెరుగుతుంది. అందుకే వారం సగటునే చూస్తాను. అదీ క్రితం వారంతో కాకుండా క్రితం నెల ఇదే వారంతో పోలుస్తాను. ఈ చిన్న సంగతి ఏ యాప్ చెప్పలేదు. ఆడవాళ్లు సగంలో వదిలేయడానికి ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

చేతి గడియారం చూపించే 'కరిగిన కేలరీలు' నేను లెక్కలో వేయను. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అలాంటివి ఏడు పరీక్షిస్తే, వాటిలో మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది.

ఏడాది దాటాక తగ్గడం మందగించింది. నెలకు కిలో కాస్తా అరకిలో అయింది. స్నేహితురాళ్లు శరీరం మొండికేసిందన్నారు, జీవక్రియ పాడైందన్నారు. సూత్రంలో కొత్త బరువు వేసి చూస్తే సరిపోయింది. 64 కిలోలకు, 46 ఏళ్లకు నా ఖర్చు 1700. అంటే అదే 1550తో కోత మూడు వందల నుంచి నూట యాభైకి పడిపోయింది. ఇక్కడ రెండు దారులు: 1400కు దిగడం, లేదా ఆగడం. నేను ఆగాను, తిండిని 1700కు పెంచాను. కొన్ని నెలలుగా బరువు 64, 65 మధ్యే తిరుగుతోంది. మన దేశంలో వాడే కొలత ప్రకారం బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే అంకె) 25 దాటితే ఊబకాయమే, నాది ఇంకా 25.6. నడుము కూడా 80 సెంటీమీటర్ల లోపలికి రాలేదు. దసరా, దీపావళి అయ్యాక ఇంకో విడత చూస్తాను.

1550కి నేను నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే, పెళ్లిళ్ల నెలల్లో అది నిలబడదు, ఆ రోజుల్లో రాయడం కూడా విసుగే. మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఏ అంకెకూ దిగొద్దు. కాటా కొనేటప్పుడు గిన్నె బరువును సున్నా చేసే మీట ఉన్నదే తీసుకోండి, అయిదు కిలోల దాకా తూచేదైతే కుక్కర్‌కు కూడా సరిపోతుంది.