ఒహాయోలో ట్రాక్టర్ పుల్లింగ్ ప్రదర్శన: పిట్ పాస్ తప్పక కొనండి

మా ఊరికి గంట ప్రయాణంలో ఉన్న ఒక కౌంటీ ఫెయిర్‌లో మొన్న వేసవిలో ట్రాక్టర్ పుల్లింగ్ పోటీ చూశాను. ప్రవేశ టికెట్టుతో పాటు, బండ్లను సిద్ధం చేసే ‘పిట్’ లోకి వెళ్లనిచ్చే పిట్ పాస్ కొనడమే నేను చేసిన మంచి పని. ఇంజన్ల హోరు గ్యాలరీలో కూర్చున్నా వినిపిస్తుంది. ఆ బలం చక్రాల దాకా ఏ దారిన చేరుతోందో తెలియాలంటే మాత్రం బండి పక్కన నిలబడాలి.

మన ఎడ్ల బండలాగుడు పందెంలో రాయి బరువు మొదటి నుంచి చివరిదాకా ఒకటే. ఇక్కడ ట్రాక్టరు వెనుక కట్టి లాగే బండిని స్లెడ్ అంటారు. దాని మీది బరువుల పెట్టె, స్లెడ్ చక్రాలు తిరిగేకొద్దీ ట్రాక్టరు వైపు జరుగుతూ వస్తుంది, దాంతో స్లెడ్ ముందుభాగం మట్టిలోకి ఒత్తుకుపోతుంది. 300 అడుగులు లాగితే ‘ఫుల్ పుల్’ అంటారు. భారం క్షణక్షణం పెరుగుతున్నా మధ్యలో గేరు మార్చే వీలుండదు గనుక, ఆ సర్దుబాటంతా ఇంజన్ బలాన్ని చక్రాల వైపు కలిపే క్లచ్ మీదే పడుతుంది.

నేను ఎక్కువసేపు నిలబడింది నాలుగు వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ల బండి దగ్గర. నాలుగింటి బలమూ క్రాస్‌బాక్స్ అనే పళ్లచక్రాల పెట్టెలో కలిసి ఒకే షాఫ్ట్‌గా బయటికి వస్తుంది. 1970ల తొలినాళ్లలో కార్ల్, పాల్ బోసీ అనే ఒహాయో సోదరులు ఈ పోటీల్లోకి తెచ్చిన ఏర్పాటు ఇది. ఇంజన్లన్నీ పళ్లతో ముడిపడి ఉంటాయి కాబట్టి ఏ ఒక్కటీ సొంత వేగంతో తిరగలేదు. లాగుడు మధ్యలో ఒకటి నీరసిస్తే, మిగిలినవి స్లెడ్‌తో పాటు దాన్నీ మోయాలి. ఆ బండిలో క్రాస్‌బాక్స్ వెనుక సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉంది. వేగం పెరిగేకొద్దీ లివర్ల చివరి బరువులు బయటికి విసురుకుని ప్లేట్లను నొక్కుతాయి. మెకానిక్ మూత తీసి చూపినప్పుడు ఉక్కు ప్లేట్ల అంచులు వేడికి నీలిరంగు తిరిగి ఉన్నాయి. నేల గట్టిదనాన్ని బట్టి లివర్లకు వాషర్లు కలపడమో తీయడమో చేస్తామని ఆయన చెప్పారు. బరువు ఎక్కువైతే క్లచ్ ముందే పట్టుకుని చక్రాలు ఊరికే తిరుగుతాయి, తక్కువైతే ప్లేట్లు కాలిపోతాయి. చివరి వేగతగ్గింపును చక్రాల హబ్బుల్లోని ప్లానెటరీ గేర్లకు (నడిమి పళ్లచక్రం చుట్టూ చిన్నవి తిరిగే అమరిక) వదిలేయడం వల్ల, మధ్యలోని షాఫ్టులు మోయవలసిన టార్క్, అంటే తిప్పే బలం, తగ్గుతుంది.

పక్కనే అమెరికా సైన్యపు హ్యూయీ హెలికాప్టర్లో వాడిన లైకమింగ్ టీ53 టర్బైన్ బిగించిన బండి ఉంది. ఈ ఇంజన్‌లోని ఒక రకం హెలికాప్టర్లోనే 1,400 హార్స్‌పవర్ ఇచ్చేది. చాలామంది అనుకుంటున్నట్టు మంట తోపుతో ఈ బండి కదలదు. గాలిని కుదించి మండించే రోటర్ ఒకటి, ఆ వేడి వాయువు తాకిడికి తిరిగే పవర్ టర్బైన్ ఇంకొకటి, రెండింటికీ మధ్య ఇనుప బంధమే లేదు. యజమాని బయటి షాఫ్ట్‌ను చేత్తో తిప్పితే లోపలి రోటర్ కదలనే లేదు. అంటే క్లచ్ చేయవలసిన పని వాయువే చేస్తోంది: చక్రాలు ఆగి ఉన్నా రోటర్ పూర్తి వేగంతో తిరగవచ్చు, కదిలే తొలిక్షణంలోనే టార్క్ అత్యధికంగా దొరుకుతుంది. ప్రమాదమూ అందులోనే ఉంది. షాఫ్ట్ విరిగి భారం ఊడితే పవర్ టర్బైన్‌ను పట్టి ఆపేదేమీ ఉండదు, అందుకే ఇంధనం తక్షణం ఆగిపోయే ఏర్పాటూ, చుట్టూ దళసరి కవచమూ తప్పనిసరి. జెట్ కారుతో నేలమీది వేగంలో ప్రపంచ రికార్డును 1964, 65ల్లో మూడుసార్లు నెలకొల్పిన ఆర్ట్ ఆర్ఫన్స్, ఆ తర్వాత టర్బైన్ బండితో ఈ ఆటలోకి వచ్చాడు. ఆయనదీ ఒహాయోయే.

పనితనం చూస్తే టర్బైన్ బండే నాగరికమైనది. నా మార్కులు మాత్రం క్రాస్‌బాక్స్‌కే, బహుశా ఆ నీలి ప్లేట్లను ముట్టుకుని చూసినందువల్ల కావచ్చు. నిర్వాహకుల మీద నాకున్న ఫిర్యాదు వ్యాఖ్యానం గురించి. హార్స్‌పవర్ అంకెలు అరిచి చెప్పారే తప్ప గేర్ల మాట ఒక్కసారీ ఎత్తలేదు, చెప్పిన కాస్తా మైకులో సగం వినబడలేదు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు గేటు దగ్గర అమ్మడం లేదు, ఇంటి నుంచే తీసుకెళ్లండి. పోటీకి ముందు పిట్‌లో అందరూ హడావుడిగా ఉంటారు గనుక, లాగుడు ముగిసి బండి తిరిగొచ్చే వేళకు సీటు వదిలి అక్కడికి వెళ్లండి; క్లచ్ మూత తీసేది అప్పుడే.