పాత మరాంట్జ్, కొత్త ఎసోటెరిక్: ఏళ్ల తరబడి విన్నాక

నా దగ్గర రెండు సీడీ ప్లేయర్లున్నాయి. ఒకటి 80ల నాటి మరాంట్జ్ సీడీ-94, డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే ఫిలిప్స్ వాళ్ల టీడీఏ1541ఏ చిప్‌తో పనిచేసేది. రెండోది చాలా తర్వాత వచ్చిన ఎసోటెరిక్, డిస్క్‌ని గట్టిగా పట్టి తిప్పే వీఆర్‌డీఎస్ మెకానిజం ఉన్నది. రెండింటినీ ఒకే ఆంప్లిఫయర్‌కి తగిలించి, ఒకే స్పీకర్ల మీద చాలా ఏళ్లుగా వింటున్నాను. ఏది బాగుంటుందని అడిగేవాళ్లకి నేను ముందు చెప్పేది ఒకటే: వాల్యూమ్ సమానం చేయకుండా పోల్చకండి.

సీడీ ప్లేయర్ అవుట్‌పుట్ మామూలుగా 2 వోల్టులు. కొన్ని 2.3 వోల్టులు, ఇంకా ఎక్కువ కూడా ఇస్తాయి. 2కీ 2.3కీ మధ్య తేడా దాదాపు 1.2 డెసిబెల్స్. అది చెవికి సౌండ్ పెరిగినట్టు అనిపించదు. పాటకి ప్రాణం వచ్చినట్టు, స్టేజ్, అంటే వాద్యాలు పరుచుకున్నట్టు వినబడే వేదిక, విశాలమైనట్టు అనిపిస్తుంది. అందుకే టెస్ట్ సీడీలోని 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో కొలిచి, రెండూ ఒకే రీడింగ్ చూపించాకే వినడం మొదలుపెడతాను. ఈ పని చేయకుండా రాసిన పోలికల్ని నేను అసలు పట్టించుకోను.

సమానం చేశాక తేడా సగానికి పైగా మాయమైంది. మిగిలింది మాత్రం నిజం. సోలో వయొలిన్ వింటే తెలుస్తుంది. కమాను దిశ మారే క్షణంలో తీగ మీద చిన్న గీకుడు ఉంటుంది. మరాంట్జ్‌లో అది కొంచెం మెత్తబడి, నాదం నిండుగా వస్తుంది. ఎసోటెరిక్‌లో ఆ గీకుడు వేరుగా, దాని వెనక హాలు ప్రతిధ్వని వేరుగా వినబడతాయి. మృదంగం ఎడమ వైపు పలికే గుమ్కీ అనే లోతైన నాదం ఎసోటెరిక్‌లో బిగువుగా పలికి ఆగిపోతుంది, మరాంట్జ్‌లో కాస్త సాగుతుంది. గాత్రం ఒక్కటే వినాలనిపించిన రోజు నా చెయ్యి మరాంట్జ్ వైపే పోతుంది. పది వాద్యాలు కలిసి మోగే రికార్డింగ్ అయితే ఎసోటెరిక్ ముందు అది నిలబడలేదు.

ఈ తేడా ఎక్కడ పుడుతోందో తేల్చుకోవడానికి రెండింటి డిజిటల్ అవుట్‌పుట్లనీ ఒకే డాక్‌కి (డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే పరికరానికి) ఇచ్చి విన్నాను. ఏది ఏదో గుర్తుపట్టలేకపోయాను. అందులో వింతేమీ లేదు. డిస్క్ మీదున్నది 16 బిట్ల, 44.1 కిలోహెర్ట్జ్ డేటా. చిన్నాచితకా గీతల్ని ఎర్రర్ కరెక్షన్ పూర్తిగా సరిచేస్తుంది, బిట్లు ఎక్కడా మారవు. రుచి మారేది డాక్ చిప్, డిజిటల్ ఫిల్టర్, ఆ తర్వాతి అనలాగ్ దశ దగ్గర. కాబట్టి మంచి డాక్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఖరీదైన ట్రాన్స్‌పోర్ట్ (డిస్క్‌ని చదివి డిజిటల్ సిగ్నల్ మాత్రం ఇచ్చే యంత్రం) కొంటే సౌండ్ మారిపోతుందని ఆశ పెట్టుకోవద్దు.

అలాగని వీఆర్‌డీఎస్ దండగ అనను. డిస్క్‌ని దానంత వెడల్పున్న టర్న్‌టేబుల్‌కి అదిమిపెట్టి తిప్పుతుంది. కొద్దిగా వంగిన డిస్కులు కూడా చదునుగా తిరుగుతాయి. రాత్రిపూట తక్కువ వాల్యూమ్‌లో వింటున్నా మోటారు గోల చెవిన పడదు. ట్రే లోపలికి వెళ్లే తీరు చూస్తుంటేనే ముచ్చటేస్తుంది.

వాడినది కొనేవాళ్లకి నా సలహా: సౌండ్ కంటే ముందు డిస్క్‌ని చదివే లేజర్ పికప్ సంగతి కనుక్కోండి. ఆ మోడల్ పికప్ ఇప్పటికీ దొరుకుతోందా, మార్చి అలైన్‌మెంట్ చేసే మనిషి ఉన్నాడా అని అడగండి. డిస్క్‌లో చివరి ట్రాక్ పెట్టి చూడండి. ప్లేయర్ డిస్క్‌ని లోపలి నుంచి అంచువైపు చదువుతుంది కాబట్టి, నిండుగా ఉన్న సీడీలో చివరి ట్రాక్ అంచు దగ్గరే ఉంటుంది. డిస్క్ వంపు ఎక్కువగా తెలిసేది అక్కడే. నీరసించిన పికప్ చాలాసార్లు అక్కడే తడబడుతుంది.