పీహెచ్‌పీలో ఫంక్షన్ ఉందో లేదో చూడ్డానికి ఏది మేలు?

గుణుపురం నుంచి మా పిన్ని కొడుకు నిన్న రాత్రి ఫోన్ చేసి, అన్నయ్యా నా లాప్‌టాప్‌లో బానే నడిచిన పీహెచ్‌పీ (సర్వర్ మీద నడిచే వెబ్ భాష) బిల్లు పేజీ సర్వర్ మీదకి ఎక్కించగానే తెల్లగా అయిపోయింది ఏటిది అన్నాడు. సర్వర్ ఎర్రర్లు రాసే లాగ్ చదవమంటే ఎంబీ సబ్‌స్టర్ (మాటని గుర్తుల లెక్కన కోసేది) అనే ఫంక్షనే లేదంట. నవ్వొచ్చింది, ఎందుకంటే రాయగడలో మా మావయ్య బట్టల కొట్టు సైటుకి నేనూ ఇలాగే దెబ్బతిన్నాను.

మా దగ్గర కస్టమర్ల పేర్లు సగం ఒడియాలో సగం తెలుగులో ఉంటాయి, యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) రెండు లిపుల్లోనూ ఒక్కో గుర్తుకి 3 బైట్లు. 'రాయగడ' అంటే పొడవు చెప్పే మామూలు స్ట్రెలెన్‌కి 15 (బైట్లు), ఎంబీ స్ట్రెలెన్‌కి 5 గుర్తులు (దీర్ఘం కూడా వేరే లెక్కే మరి). మామూలు సబ్‌స్టర్‌తో 10 దగ్గర కోస్తే 'య' అయ్యాక 'గ'లో ఒక్క బైటు మిగిలి బిల్లు మీద చెత్త పడుతుంది. అందుకని ఎంబీ రకాలు వాడాలి, కానీ అవి విడిగా వేసుకునే ఎక్స్‌టెన్షన్, హోస్టింగ్ వాడు వెయ్యకపోతే లేనట్టే. సో పిలిచే ముందు ఉందో లేదో చూసుకోవాలి.

మావాడు ట్రై క్యాచ్ (ఎర్రర్ వస్తే పట్టుకునే పద్ధతి) పెట్టేస్తానన్నాడు. 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7 నుంచి లేని ఫంక్షన్ని పిలిస్తే ఎర్రర్ అనే ఆబ్జెక్ట్ విసురుతుంది కాబట్టి పట్టుకోవచ్చు, నిజమే. కానీ ఫంక్షన్ ఉండి దాని లోపల ఇంకేదో లేని ఫంక్షన్ని పిలిచినా, తప్పు టైపు పంపినా, అదే వలలో పడతాయి, నువ్వేమో ఎక్స్‌టెన్షన్ లేదనుకుని వేరే దారిలో పోతావు, అసలు బగ్ కనిపించదు. నాకు ఇది అస్సలు నచ్చదు.

మామూలు ఫంక్షన్లకి ఫంక్షన్ ఎగ్జిస్ట్సే మేలు. పేరు కోట్స్‌లో ఇస్తే ఉందనో లేదనో చెప్తుంది, పెద్ద చిన్న అక్షరాల పట్టింపు లేదు, హోస్టింగ్ వాడు డిసేబుల్ చేసిన ఎక్జెక్ (సర్వర్ కమాండ్లు నడిపేది) లాంటివాటికీ లేదనే చెప్తుంది. ఎకో గురించి అడిగినా లేదంటుంది, కంగారు పడొద్దు, అది ఫంక్షన్ కాదు, భాషలో భాగం. దీంట్లో అసలు తిరకాసు నేమ్‌స్పేస్ (పేర్లు కలిసిపోకుండా కోడ్‌ని విడదీసే గది లాంటిది). నువ్వు నేమ్‌స్పేస్ లోపల కూర్చుని రాసిన ఫంక్షన్ని ఒట్టి పేరుతో అడిగితే లేదంటుంది, ఎందుకంటే కోట్స్‌లో పేరుకి నువ్వెక్కడున్నావో తెలీదు, పూర్తి పేరు ఇవ్వాలి. నాకు ఒక పూట మొత్తం పోయింది దీనికి! ఇంకోటి, ఇఫ్ లోపల రాసిన ఫంక్షన్ ఆ లైను నడిచాకే పుడుతుంది, అంతకుముందు అడిగితే లేదనే అంటుంది.

ఇజ్ కాలబుల్ ఎప్పుడు అంటే, పిలవాల్సింది వేరియబుల్లో వస్తున్నప్పుడు, లేదా ఆబ్జెక్ట్ మెథడ్ (క్లాసు లోపలి ఫంక్షన్) అయినప్పుడు. మెథడ్ ఎగ్జిస్ట్స్ ప్రైవేట్ మెథడ్‌కి కూడా ఉందంటుంది, బయట్నుంచి పిలిస్తే పేలుతుంది. ఇజ్ కాలబుల్ అయితే నువ్వు నిలబడ్డ చోటు నుంచి పిలవగలవా అని చూస్తుంది. కాకపోతే క్లాసులో అండర్‌స్కోర్ అండర్‌స్కోర్ కాల్ (లేని మెథడ్‌ని పిలిచినా అందుకునేది) ఉంటే ఏ పేరు అడిగినా ఊఁ కొడుతుంది, అక్కడ దాన్ని నమ్మకు.



చివరికి మావాడితో ఫంక్షన్ ఎగ్జిస్ట్స్ పెట్టించి, లేకపోతే యూ ఫ్లాగ్‌తో (యూటీఎఫ్-8గా చదవమని చెప్పేది) ప్రెగ్ మ్యాచ్ (ప్యాటర్న్‌తో వెతికే ఫంక్షన్) వాడి కోసేలా రాయించాను, ప్రెగ్ రకాలు పీహెచ్‌పీతోనే వస్తాయి కదా. పేజీ లేచింది. 'లక్ష్మి' మాత్రం 3 దగ్గర కోస్తే 'లక్' అని పడుతోంది, పేర్లకి ఇంకాస్త చోటు ఇమ్మన్నాను.