కారు లేకుండా ఫ్రెంకిషే ష్వైట్స్: అమ్మానాన్నలతో రెండు రోజులు

"జర్మనీ దాకా వచ్చి మళ్లీ గుహలేనా?" అన్నాడు నాన్న రైల్లోనే. మాది కొలిమిగుండ్ల దగ్గర. ఇంటికొచ్చిన చుట్టాలందరినీ బేలం గుహలకు తిప్పి తిప్పి ఆయనకు విసుగొచ్చేసింది.

ష్వైట్స్ అంటే స్విట్జర్లాండ్. పేరులో అది ఉన్నా ఈ చోటు జర్మనీలోని బవేరియా రాష్ట్రంలోది. న్యూరెంబర్గ్, బాంబెర్గ్, బైరాయిట్‌ల నడుమ ఉంటుంది. జురాసిక్ కాలంలో సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి, డోలమైట్ ఇప్పుడు అడవిలో గోడల్లా నిలబడ్డాయి. వాటి నెత్తిన కోటలు. న్యూరెంబర్గ్ నుంచి పెగ్నిట్జ్ దాకా రైలు, అక్కడ బస్సు మారి పాటెన్‌స్టైన్‌లో దిగాం.

ఇక్కడి టాయ్‌ఫెల్స్‌హోలే, అంటే సైతాను గుహ, ఏడాది పొడవునా దాదాపు 9 డిగ్రీలే. "గుహలో చలేంట్రా" అని జాకెట్ బ్యాగులోనే ఉంచిన నాన్న పది నిమిషాలకే అమ్మ శాలువా లాక్కున్నాడు. బేలంలో చెమటలు కక్కిన మనిషి కదా! ఒకటిన్నర కిలోమీటర్ల దారి, ముప్పావు గంట, గైడ్ చెప్పేది జర్మన్‌లో. మెట్లు చాలా ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. ఎప్పుడో అంతరించిపోయిన గుహ ఎలుగుబంటి అస్థిపంజరం ముందు మాత్రం నాన్న కదల్లేదు. "మన బేలం గుహల్లోని కోటిలింగాలంత లేదు గానీ, ఇది బాగుంది" అన్నాడు. ఆయన నోట అది పెద్ద మెచ్చుకోలే.

పక్కనే పడవలు తిరిగే చెరువు ఉంది. 1942 నుంచి 1945 దాకా ఫ్లోసెన్‌బుర్గ్ నాజీ నిర్బంధ శిబిరానికి పాటెన్‌స్టైన్‌లో ఒక శాఖ ఉండేది. ఆ ఖైదీల చేతే ఈ చెరువు తవ్వించారు. అది చెప్పాక పడవ మాట ఎవరూ ఎత్తలేదు.

పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేద్దామనుకునేవాళ్లకు నా సలహా: కారు లేకపోతే వద్దు. బస్సు వేళలు చూసుకుంటూనే రోజు గడిచిపోతుంది. మేం రాత్రికి గోస్‌వైన్‌స్టైన్‌లో ఆగాం. గది శుభ్రంగా ఉంది, ఉదయం టిఫిన్ బాగుంది. కానీ లిఫ్ట్ లేని మూడో అంతస్తు, పైగా కార్డు చెల్లదని డబ్బు కట్టేటప్పుడు చెప్పారు! నేను ఏటీఎం వెతుక్కుంటూ పరిగెత్తాను. ఇంకో మాట, ఇక్కడి బంగాళాదుంప ఉండలు శాకాహారమే అయినా పైన పోసే సాస్ చాలాసార్లు మాంసంతో చేసింది. అమ్మ కోసం పుట్టగొడుగుల సాస్ అడిగి తెప్పించాను. బాల్తజార్ నోయ్‌మన్ అనే వాస్తుశిల్పి ఈ ఊళ్లో కట్టిన చర్చి 1739 నాటిది. లోపల ఆ బంగారు పూత చూసి అమ్మ చాలాసేపు కూర్చుండిపోయింది.

నా ఓటు మాత్రం ట్యూషర్స్‌ఫెల్డ్ అనే ఊరికే. స్తంభాల్లాంటి బండల సందుల్లో ఇళ్లు ఇరుక్కుని ఉంటాయి. "ఈ బండ మీద పడదా? వీళ్లకు నిద్దరెట్లా పడుతుంది?" అంటూ అమ్మ చూస్తూనే ఉంది. కొన్ని ఇళ్లు మ్యూజియంగా మార్చారు. అది చూసి బయటికొచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. ఆదివారం కదా, తర్వాతి బస్సుకు చాలా టైముంది. రాబెన్‌స్టైన్ కోట ఆశ అక్కడితో వదులుకున్నాం. అమ్మ మురుకుల డబ్బా తీసింది. నాన్న బండల వైపు చూస్తూ, "ఈసారి కారు మాట్లాడు" అన్నాడు.