441 రోడ్డు మీద కొండ జనం దగ్గరికి: ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ అక్కర్లేదు

అట్లాంటా నుంచి టెనసీలోని పర్యాటకుల ఊరు పిజియన్ ఫోర్జ్‌కి వెళ్లే మనవాళ్లు ఎక్కువగా ఇంటర్‌స్టేట్ ఎక్కి చాటనూగా, నాక్స్‌విల్ మీదుగా పోతారు. మేం 441 నంబరు రోడ్డు పట్టుకున్నాం. తలూలా ఫాల్స్, క్లేటన్, డిలార్డ్ ఊళ్లు దాటాక నార్త్ కరోలినాలో చెరొకీ వస్తుంది. అక్కడ స్మోకీ కొండలెక్కి గాట్లిన్‌బర్గ్‌లో దిగుతాం. పిజియన్ ఫోర్జ్ తర్వాత ఇంకా ఉత్తరానికి, వెస్ట్ వర్జీనియాలోని మేట్‌వాన్ దాకా వెళ్లాం. మలుపులు ఎక్కువ, టైమూ ఎక్కువే పడుతుంది. అయినా ఈ దారిలోనే వెళ్లమంటాను. అమెరికా తూర్పున ఉన్న అపలాచియన్ కొండల్లోని పేద తెల్లవాళ్ల మీద సినిమాలు, టీవీ వేసిన ముద్ర ఎంత అన్యాయమో ఈ దారిలో ఒక్కో ఊళ్లో ఆగుతూ పోతే తెలుస్తుంది.

బయల్దేరే ముందు అట్లాంటా దగ్గరి కమ్మింగ్‌లో ఉండే స్నేహితుడు, "అన్నా, నాన్నగారిని కూడా తీసుకుపోతున్నావు, చీకటి పడ్డాక ఆ కొండల్లో ఎక్కడా ఆగొద్దు, ఆ జనం వేరే రకం" అన్నాడు. అతను అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదు. అతని భయమంతా సినిమాల నుంచి వచ్చిందే. కొండల్లో జాతి వివక్ష లేదని నేను అనను. కొన్ని ఇళ్ల ముందు కాన్ఫెడరేట్ జెండాలు (బానిసత్వం కోసం అంతర్యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాలవి) కనిపించాయి, చూసినప్పుడల్లా మా ఆవిడ మొహంలో టెన్షన్ తెలిసింది. కానీ కమ్మింగ్ ఉన్న ఫోర్‌సైత్ కౌంటీ నుంచే 1912లో వెయ్యి మందికి పైగా నల్లవాళ్లను తరిమేశారు. ఇప్పుడు అక్కడ మంచి బడులున్నాయని మనవాళ్లు ఇళ్లు కొంటున్నారు. ఆ చరిత్ర తలచుకుని ఎవరూ భయపడరు. దేశం మొత్తానికి ఉన్న పాపం పాడుబడ్డ ఇంట్లో, ట్రైలర్ అనే చక్రాల ఇంట్లో ఉండేవాడి నెత్తిన పడుతుంది.

తలూలా గార్జ్ స్టేట్ పార్క్‌లో లోయ లోతు దాదాపు 1000 అడుగులు. పార్కింగ్ 5 డాలర్లు. లోయ అడుగుకి 80 అడుగుల ఎత్తున వేలాడే వంతెన ఉంది, దాని దాకా వెళ్లి రావడానికి వందల మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పై అంచున నడిచే దారి చాలు, నాన్న అక్కడి నుంచే హాయిగా చూశారు. లోయ అడుగుకి దిగడానికి రోజుకి 100 పర్మిట్లే ఇస్తారు, పొద్దున్నే వెళ్లాలి.

'డెలివరెన్స్' సినిమాలో కొంత ఈ లోయలో, చాలా భాగం దగ్గర్లోని చటూగా నది మీద తీశారు. 1972లో వచ్చింది. సిటీ నుంచి పడవల్లో వచ్చిన నలుగురి మీద కొండ మనుషులు అఘాయిత్యం చేయడం దాని కథ. అందులో బ్యాంజో వాయించే పిల్లాడిగా కనిపించింది ఇక్కడి రేబన్ కౌంటీ పిల్లాడే. అతనికి బ్యాంజో రాదు. వెనక దాక్కున్న ఇంకొకరి చెయ్యి తీగల మీద ఆడింది. ఆ తర్వాత బ్యాంజో మోగిందంటే ఏదో కీడు జరగబోతోందని ప్రేక్షకులకి అలవాటైపోయింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం చేతుల్లో పుట్టి కొండవాళ్ల దాకా చేరిన వాయిద్యమది. దానికి ఈ గతి పట్టింది.

అదే రేబన్ కౌంటీ, అదే 1972. ఇక్కడి బడి పిల్లలు తమ తాతలు, అవ్వల దగ్గర టేప్ రికార్డర్లు పెట్టుకుని కూర్చున్నారు. దుంగలతో ఇల్లు ఎలా కడతారు, సబ్బు ఎలా కాస్తారు, ఏ ఆకు దేనికి మందు అని అడిగి రాసుకున్నారు. 1966లో వాళ్లు మొదలుపెట్టిన 'ఫాక్స్‌ఫైర్' పత్రికలోని వ్యాసాలు 1972లో పుస్తకంగా వచ్చి దేశమంతా అమ్ముడుపోయాయి. ఆ రాయల్టీ డబ్బుతోనే మౌంటెన్ సిటీలో కొండవాలు మీద స్థలం కొని, పాత దుంగల ఇళ్లు తెచ్చి నిలబెట్టారు. ఇప్పుడది ఫాక్స్‌ఫైర్ మ్యూజియం. ఒక ఇంట్లో మగ్గం ఉంది. నాన్న దాని ముందు నుంచి కదల్లేదు. అక్కడ నేస్తున్నావిడ ఆయన్ని చూసి, "మీ ఊళ్లోనూ నేస్తారా?" అని అడిగింది. ప్రొద్దుటూరు నేతపని గురించి నాన్న చెప్తుంటే, నేను ఇంగ్లీషులో చెప్పేదాకా ఆగి మరీ విన్నది. హడావిడి లేకుండా ఇక్కడ సగం రోజు గడపండి. ఒక్క సినిమా తెలిసినంతగా ఈ పిల్లల పని మనకి తెలియకపోవడం నాకు చాలా బాధనిపించింది.

బస పక్కనే ఉన్న బ్లాక్ రాక్ మౌంటెన్ స్టేట్ పార్క్ కాటేజీల్లో. జార్జియా స్టేట్ పార్కులన్నిటిలో ఎత్తైనది, 3640 అడుగులు. వంటగది ఉంటుంది, కుక్కర్ తెచ్చుకుంటే పప్పూ అన్నం సమస్య లేదు. పొద్దున్నే మంచు బాగుంటుంది. సెల్ సిగ్నల్ మాత్రం వస్తూ పోతూ ఉంటుంది. శాకాహారులకి ఒక జాగ్రత్త: ఈ ప్రాంతంలో బీన్స్‌లో, ఆకుకూరల్లో పంది మాంసం ముక్క వేసి ఉడికించడం మామూలు. ముందే అడగండి. ఒకచోట అలా అడిగితే, వడ్డించే పిల్ల లోపలికెళ్లి కనుక్కుని వచ్చి, మాకోసం చిలగడదుంప, మొక్కజొన్న రొట్టె, కాబేజీ విడిగా తెచ్చిపెట్టింది.

స్మోకీ పార్క్‌లోకి ప్రవేశ రుసుము లేదు గానీ 15 నిమిషాలు దాటి బండి ఆపితే రోజుకి 5 డాలర్ల ట్యాగ్ కొనాలి.

ఇక పిజియన్ ఫోర్జ్. కాళ్లకి చెప్పుల్లేని, చిరిగిన టోపీ పెట్టుకున్న, పళ్లూడిన గడ్డపు ముసలి బొమ్మలు షాపుల నిండా. ఒక డిన్నర్ షోకి వెళ్లాం. కొండవాళ్ల రెండు కుటుంబాలు తుపాకులు పట్టుకుని, తింగరి వేషాలేస్తూ కొట్టుకుంటుంటే జనం కోడి తింటూ నవ్వుతారు. తిండి ధారాళంగా పెట్టారు, సర్వీసు చురుగ్గా ఉంది. అయినా మళ్లీ వెళ్లను, ఎవరినీ వెళ్లమనను. మాది రాయలసీమ. హైదరాబాద్ హాస్టల్లో చేరిన కొత్తలో "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని అడిగినవాళ్లున్నారు. ఫ్యాక్షన్ లేదని కాదు. కానీ కరువులో వలసపోయిన మా ఊరివాళ్ల మీద ఎవరూ సినిమా తీయలేదు. ఆ నవ్వుల మధ్య నాన్న ప్లేటు పక్కకి జరిపి, "వీళ్లని కూడా ఇట్లే చేసినారా నాయనా" అన్నారు.

ఇక్కడి వినోద పార్క్ డాలీవుడ్ వేరు. దానికి పేరిచ్చిన గాయని డాలీ పార్టన్ ఈ సెవియర్ కౌంటీలోనే పన్నెండు మంది పిల్లల ఇంట్లో పుట్టింది. ఆ చిన్న ఇంటి నమూనా పార్క్‌లో ఉంది, చూడకుండా రావద్దు. వాళ్ల నాన్నకి చదువు రాదు. ఆ బాధతోనే 1995లో పసిపిల్లలకి ఉచితంగా పుస్తకాలు పంపే కార్యక్రమం మొదలుపెట్టింది, అది దేశాలు దాటింది. టికెట్ ఖరీదే, పార్కింగ్ విడిగా. కానీ పేదరికాన్ని నవ్వులాట చేయకుండా గౌరవంగా చెప్పుకున్న చోటు. అక్కడ పనిచేసేవాళ్లలో పెద్ద వయసువాళ్లు చాలామంది, ఓపికగా దారి చూపిస్తారు. మేం దిగిన అద్దె క్యాబిన్ మాత్రం ఫోటోల్లో చూపించినట్టు లేదు, క్లీనింగ్ ఫీజు చివర్లో కలిపారు. బుక్ చేసేటప్పుడు మొత్తం ఎంతో చూసుకోండి.

మేట్‌వాన్ ఈ యాత్రలో అన్నిటికంటే ముఖ్యం. టగ్ ఫోర్క్ అనే చిన్న నదికి ఇటు హాట్‌ఫీల్డ్‌ల కుటుంబం, అటు కెంటకీ వైపు మెకాయ్‌ల కుటుంబం. 1880ల నాటి వాళ్ల పగనే డిన్నర్ షోలుగా అమ్ముతున్నారు. ఆ రోజుల్లో పెద్ద నగరాల పత్రికలు కొండవాళ్లని అడవి మనుషులుగా రాశాయి. ఆ వెనకే రైలు వచ్చింది, బొగ్గు కంపెనీలు వచ్చాయి. కార్మికులకి కంపెనీ ఇళ్లు, కంపెనీ దుకాణంలోనే చెల్లే టోకెన్లు. యూనియన్‌లో చేరితే సామాన్లు రోడ్డు మీదకి విసిరేసేవాళ్లు. 1920 మే 19న అలా ఇళ్లు ఖాళీ చేయించడానికి వచ్చిన కంపెనీ ఏజెంట్లకి ఊరి పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్, మేయరు అడ్డుపడ్డారు. కాల్పుల్లో మేయరుతో సహా 10 మంది చనిపోయారు. మరుసటి ఏడాది సిడ్‌ని కోర్టు మెట్ల మీద కాల్చి చంపారు. దాంతో సుమారు 10,000 మంది కార్మికులు మెడకి ఎర్ర రుమాళ్లు కట్టుకుని బ్లెయిర్ మౌంటెన్ వైపు కదిలారు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, ఇటలీ నుంచి వచ్చినవాళ్లు కలిసి నడిచారు. వాళ్ల మీద విమానాల నుంచి బాంబులు వేశారు. చివరికి ఫెడరల్ సైన్యం దిగింది.

ఇదంతా 2015లో మొదలైన మైన్ వార్స్ మ్యూజియంలో ఉంది. చిన్నదే. ఆ టోకెన్లు, రుమాళ్లు దగ్గరగా చూడొచ్చు. దగ్గర్లోని ఇటుక గోడ మీద నాటి తూటాల గుర్తులు ఇంకా ఉన్నాయి. మాకు చూపించినాయన గని కార్మికుడి కొడుకు. "పగ గురించి అడిగేవాళ్లే ఎక్కువ, యూనియన్ గురించి మేమే చెప్పాలి" అన్నాడు. రెండు కుటుంబాలు కొట్టుకుంటే దేశమంతా చూస్తుంది, పదివేల మంది కలిసి నిలబడితే పాఠాల్లోంచి జారిపోతుంది. కొండవాడు మొరటోడు, తాగుబోతు అన్న బొమ్మ వల్ల ఎవరికి లాభం కలిగిందో నాకు అక్కడ అర్థమైంది.

ఊళ్లో బస తక్కువ. కొండ దారుల్లో ఏటీవీలనే నాలుగు చక్రాల చిన్న బళ్లు తోలడానికి వచ్చేవాళ్లతో లాడ్జీలు వారాంతాల్లో నిండిపోతాయి. మాది మామూలు గది, శుభ్రంగా ఉంది, తలుపు పక్కన బురద బూట్లు కడుక్కోవడానికి పైపు కూడా పెట్టారు. మన తిండి దొరకదు, మ్యాప్‌లు ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి, పెట్రోలు కనిపించినచోట కొట్టించుకోవాలి. మైన్ వార్స్ మ్యూజియం ఏడాదంతా రోజూ తెరవరు. డాలీవుడ్ టికెట్లు కొనేముందు ఆ మ్యూజియం తెరిచే రోజులు చూసుకుని, మిగతా ప్రయాణం దాన్ని బట్టి సర్దుకోండి.