వరల్డ్ క్లైమేట్ సిమ్యులేషన్: ఫస్టియర్ క్లాసుకు ఎంతవరకు పనికొస్తుంది?

ప్రపంచ పౌరసత్వం, నాయకత్వం అనే పాఠాన్ని ఉపన్యాసంగా చెబితే ఫస్టియర్ పిల్లలు నోట్సు రాసుకుంటారు, పరీక్ష రాస్తారు, అక్కడితో సరి. వాళ్లను నిజంగా కదిలించే ఉచిత సామగ్రి కావాలంటే ముందుగా చెప్పాల్సింది వరల్డ్ క్లైమేట్ గురించే. క్లైమేట్ ఇంటరాక్టివ్ సంస్థ, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు బిజినెస్ స్కూలు స్లోన్ కలిసి తయారుచేసిన ఈ అభ్యాసంలో విద్యార్థులు దేశాల ప్రతినిధులుగా కూర్చుని వాతావరణ ఒప్పందం కుదుర్చుకోవాలి. వాళ్ల హామీలను సీ-రోడ్స్ అనే కంప్యూటర్ మోడల్‌లో ఎక్కిస్తే, 2100 నాటికి భూమి ఎంత వేడెక్కుతుందో అక్కడికక్కడే తెర మీద కనిపిస్తుంది. బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

బృందాలు ఆరు: అమెరికా, యూరోపియన్ యూనియన్, ఇతర సంపన్న దేశాలు, చైనా, భారత్, ఇతర వర్ధమాన దేశాలు. క్లాసు చిన్నదైతే మూడు చాలు. ఉద్గారాల (భూమిని వేడెక్కించే వాయువుల) పెరుగుదల ఏ ఏడు ఆగాలి, తగ్గుదల ఏ ఏడు మొదలవ్వాలి, ఏటా ఎంత శాతం తగ్గాలి, అడవుల నరికివేతను ఎంత ఆపుతారు, కొత్తగా ఎంత అడవి పెంచుతారు, పేద దేశాలకు సాయపడే ఏటా 10,000 కోట్ల డాలర్ల వాతావరణ నిధికి ఎంత ఇస్తారు లేదా అందులోంచి ఎంత అడుగుతారు అన్నది ప్రతి బృందం తేల్చాలి. మొదటి రెండు ప్రశ్నల దగ్గర చాలామంది తికమకపడతారు. పైకెళ్లి, కాసేపు సమంగా సాగి, కిందికి దిగే గీతను బోర్డు మీద ముందే గీసి చూపిస్తే ఆ గొడవ ఉండదు.

బేరసారాలు రెండు విడతలు. అసలు పాఠం తొలి విడత ఫలితంతో మొదలవుతుంది. ప్రతి బృందమూ తాను చాలా ఇచ్చేశాననే అనుకుంటుంది. తీరా చూస్తే ఉష్ణోగ్రత పారిస్ ఒప్పందం పెట్టుకున్న 2 డిగ్రీల హద్దుకు చాలా పైనే ఉంటుంది. ఎక్కువమంది ఆశలు పెట్టుకున్న చెట్ల పెంపకం గ్రాఫును కొంచెమే కదుపుతుంది. ఇన్ని హామీలిచ్చినా వేడి ఎందుకు తగ్గలేదో ఇక్కడే ఆగి వివరించాలి: కుళాయి ధార పెరగడం ఆగినంత మాత్రాన తొట్టి నిండటం ఆగదు. గాలిలో పోగయ్యే కార్బన్ డయాక్సైడ్ సంగతీ అంతే. ఈ ముక్క దాటేస్తే రెండో విడతలో పిల్లలు లెక్క మానేసి ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటారు.

సంపన్న బృందాలకు కుర్చీలు, బల్లలు, తినుబండారాలు. పేద బృందానికి నేల. నిర్వాహకుల సూచనల్లో ఉన్న ఈ ఏర్పాటును మొహమాటపడి వదిలేయొద్దు. నేల మీదివాళ్లు లేచి వచ్చి బల్ల దగ్గర నిలబడి మాట్లాడాల్సి వచ్చినప్పుడు, అసమానత గురించి వేరే చెప్పే పని ఉండదు.

లోపాలూ ఉన్నాయి. నాయకత్వాన్ని ఎలా అంచనా వేయాలో ఇందులో సరైన దారి దొరకదు. వదిలేస్తే గొంతు పెద్దదున్నవాడే నాయకుడవుతాడు. అందుకని ప్రతి బృందంలో ఒకరికి పరిశీలకుడి పని ఇవ్వండి. ఎవరి మాట మధ్యలో తెగిపోయింది, సొంత బృందాన్ని ఒప్పించాకే బేరానికి వెళ్లినవారెవరు అన్న రెండే రాసుకుంటే చాలు. దేశమంతా ఒకే గొంతుగా మాట్లాడటం మరో లోటు. దేశం లోపలి పేదవాడు ఎక్కడా కనిపించడు. ఉద్యమకారులు, బొగ్గు-చమురు లాబీ, పత్రికలవాళ్ల పాత్రలు చేర్చితే ఇది కొంత తీరుతుంది.

ఎక్కువగా దెబ్బతినేది సమయం దగ్గరే. దీనికి మూడు గంటలు కావాలి. గంట పీరియడ్‌లో కుదించాలని చూస్తే కోత పడేది చివరి చర్చకే, అప్పుడిది ఉత్త ఆటగా మిగిలిపోతుంది. మూడు గంటలు ఒకేసారి దొరక్కపోతే రెండు రోజులకు విడగొట్టండి: మొదటి రోజు పాత్రల పరిచయం, తొలి విడత; రెండో రోజు రెండో విడత, ఆపై కనీసం 40 నిమిషాల చర్చ. తొలి రోజు అంకెలను సీ-రోడ్స్‌లోనే ఉంచి నమ్ముకోకుండా కాగితం మీద కూడా రాసిపెట్టుకోండి.